కత్తి వీపు మీద చింతాకులు

మా పక్కింటివాళ్ళు గేటుకు నూనె వెయ్యరు. మనుషులు మంచివాళ్ళే. పండక్కి ఒబ్బట్లు పంపుతారు, వాటికి నెయ్యి ధారాళంగా పోస్తారు. గేటు దగ్గరే వాళ్ళకు ఎక్కడలేని పొదుపు గుర్తొస్తుంది. రోజూ పొద్దున ఆరింటికి అది కీచుమంటూ తెరుచుకుంటే, చింతామణిలో మా వీధి వీధంతా పళ్ళు బిగించుకుని నిద్ర లేస్తుంది. అడిగేద్దామని రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ కాఫీ తాగి వచ్చాను. నిజానికి ఆ చప్పుడు వింటే నాకు కోపం కంటే ముందు భయం వేస్తుంది, వెనకనుంచి సరోజమ్మ గొంతు వినబడుతుందేమోనని.

"ఇనుము అరిచిందంటే తప్పు దానిది గాదప్పా, నీది."

సరోజమ్మ క్షౌరపు కత్తులు చేసేది, పిడిలోకి మడుచుకునే పాతకాలపువి. భర్త ఉన్నన్నాళ్ళూ సుత్తిపని ఆయనది, ఇనుమును అరగదీసే ఆకురాయి పని ఆమెది. ఆయన పోయాక రెండూ ఆమెవే అయ్యాయి. జన్మలో ఒక్కసారి గడ్డం గీసుకునే అవసరం రాని మనిషి, మూడు తాలూకాల గడ్డాలకు జవాబుదారీ. కత్తికి పదునున్న అంచు ఒకవైపైతే, ఎదురువైపు మందంగా ఉండేది వీపు. ఆ వీపు మీద ఆమె సన్న ఆకురాళ్ళతో చింతాకులు చెక్కేది. నడుమ ఈనె, దానికి అటూ ఇటూ జంటలు జంటలుగా ఆకులు, ఒక్కొక్కటి బియ్యపుగింజలో సగం. బెంగళూరునుంచి కార్లేసుకుని వచ్చి కొనుక్కుపోయి, అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్ళు ఉండేవారు. వాళ్ళు గడ్డం మాత్రం కరెంటు మిషన్‌తో గీసుకునేవారు.

నేను భౌతికశాస్త్రంలో డిగ్రీ చేసి, ఆ శాస్త్రానికి నా అవసరం అంతగా లేదని తెలుసుకున్నవాణ్ణి. పనికోసం వెళ్తే ఆమె మార్కుల కార్డు చూడలేదు. నా ముఖం చూసింది.

"గడ్డం బిరీన పెరుగుతాదా?"

"రోజూ గియ్యాల్సిందేనమ్మా."

"అయితే రేపట్నుంచి రా."

తయారైన ప్రతి కత్తినీ పరీక్షించడానికి ఆమెకు ఒక చెంప కావాలి. మొదటి ఏడాదంతా నా ఉద్యోగం సానరాయి పట్టడం, చెంప అప్పగించడం. నా చదువులో ప్రయోగశాలకు ఇంత దగ్గరగా ఎప్పుడూ వెళ్ళలేదు.

రెండో ఏడాది ఒక ముడి కత్తి నా చేతికిచ్చి, వీపు చెక్కమంది. నేను విజృంభించాను. చింతాకులు వీపు మీద ఆగలేదు, రెండు పక్కలకూ దిగి అల్లుకుపోయాయి. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు, ముఖ్యంగా నేను. తర్వాత కత్తిని కొలిమిలో కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచి, సానరాయి మీద పెట్టాను. అది ఒక కాలు పొట్టి అయిన బల్లలాగా ఊగింది. సానపట్టేటప్పుడు అంచూ వీపూ రెండూ రాయిని తాకాలి. పదును ఏ వాలులో రావాలో నిర్ణయించేది వీపు పక్కలే. వాటిని నా ఆకులు తినేశాయి. దిద్దుదామని గట్టిపడిన ఉక్కు మీద ఆకురాయి పెట్టి నొక్కాను. అప్పుడు పుట్టిన కీచు చప్పుడే ఇప్పుడు పక్కింటి గేటులో కాపురముంటోంది.

సరోజమ్మ తిట్టలేదు. సబ్బు తెచ్చి నా ముందర పెట్టింది. "నువ్వు చెక్కిందే గదా. గీసుకో."

మూడురోజులు పిల్లి రక్కిందని అందరికీ చెప్పుకున్నాను. మా ఇంట్లో పిల్లి లేదు.

"వీపు ఉండేది రాయి మీద పండుకునేదానికప్పా. పక్కలు రాయివి. నడుమ ఏమన్నా మిగిల్తే అది నీది," అంది, పసుపు తెచ్చి ఇస్తూ.

ఆ మాట నాకు ఎంతవరకు ఎక్కిందో తేల్చినవాడు బాగేపల్లి వెంకటరవణప్ప. యాభై ఏళ్ళు క్షౌరం చేసిన చెయ్యి ఆయనది. మనవడు చిక్కబళ్ళాపురంలో సెలూన్ తెరుస్తున్నాడు. ఏసీ, గోడంతా అద్దాలు, వెనక్కి పడుకునే కుర్చీలు. మొదటి గడ్డం తానే గియ్యాలని పెద్దాయన పట్టు. కానీ చెయ్యి వణుకుతోంది, చూపుడువేలు మొద్దుబారింది. అరిగి నున్నబడిన పాత కత్తి సబ్బు తగిలితే వేలికింద జారిపోతోంది.

"మనవడు 'కుచ్చీలో కుచ్చోని సూస్తా ఉండు తాతా, సాలు' అంటాడు. అందరి ముందర మానం పోతాదంట," అన్నాడాయన. "ఒక్క గడ్డం, సరోజమ్మా. ఒక్కటే. జారని కత్తి చేసియ్యి."

ఆ వారమే ఆమెకు కంటిపొర తీశారు. కట్టు ఇంకా విప్పలేదు, కొలిమి దగ్గరికి పోకూడదన్నారు. "ఈ బీయస్సీ చేస్తాడు," అంది.

ఆయన నా చెంప మీది పాత మచ్చను కాసేపు చదివాడు. "ఈయప్పనా?"

ముందు పాత కత్తి వీపుకు దీపపు మసి పూసి ఆయన చేతికివ్వమంది సరోజమ్మ. అది ఆమె పద్ధతి. పట్టుకున్నచోట మసి చెరిగింది. వేలు కూర్చునేది అక్కడ, అది జారకుండా ఆకులు పడాల్సింది కూడా అక్కడే. పద్నాలుగు జతలకు చోటుంది. కొత్త కత్తి మీద అదే చోట మూడు రోజులు చెక్కాను. ఆమె కంటికట్టుతో నా వెనక కూర్చుని వింది.

"ఆపు. నొక్కుతాండావు."

ఆపాను. మళ్ళీ మొదలుపెట్టాను. మూడోనాటికి ఆకురాయి గుసగుసలాడింది తప్ప అరవలేదు. గట్టిపరిచిన కత్తి రాయి మీద కదలకుండా పడుకుంది.

సెలూన్ తెరిచిన రోజు మొదటి కుర్చీ బిల్డింగు ఓనరుగారిది. తాత చెయ్యి గాల్లో వణకడం చూడగానే ఆయనకు ఎవరికో అర్జెంటుగా ఫోన్ చెయ్యాలని గుర్తొచ్చింది. కుర్చీ ఖాళీ. అనుభవమున్న చెంప ఆ గదిలో ఒక్కటే ఉంది, వెళ్ళి కూర్చున్నాను. సబ్బు నురగ పూశారు. కత్తి వణుకుతూ దగ్గరికొచ్చింది. చూపుడువేలు వీపు మీద ఆకులను తడుముకుంది, దొరికాయి, కుదురుకుంది. చేతి వణుకు ఆగింది. చెవి దగ్గర మొదలైన గీత గడ్డం దాకా ఆగకుండా ఒక్క ఊపున దిగింది. ఎవరో ఈల వేశారు. మనవడే.

ఒక్క గాటు లేదు. పెద్దాయన రెండో చెంపా, గొంతూ ముగించి, కత్తి తుడుచుకుని, గుమ్మం దగ్గర ఇంకా ఫోను మాట్లాడుతున్న ఓనరుగారిని పిలిచాడు. "రాప్పా, ఫోను సాలు. ఇప్పుడు నువ్వు కుచ్చో." ఒక్కటే అన్న మనిషి ఆ పూట ఐదు గడ్డాలు గీశాడు.

సరోజమ్మ ఇప్పుడు లేదు. కొట్టు నేను నడుపుతున్నాను. ఏ కత్తి వచ్చినా ముందు మసి పూస్తాను, పట్టుకునేవాడి వేలు ఎక్కడ కూర్చుంటుందో చూస్తాను, పక్కల జోలికి పోను. ఇతర విషయాల్లో కూడా నాకు తెలిసిన భౌతికశాస్త్రం ఇంతే. కథ ఐదో గడ్డం దగ్గర ఆపితే నాకు గౌరవంగా ఉండేది. కానీ ఆ రోజు సరోజమ్మ కూడా ఆ సెలూన్లోనే ఉంది. అందరూ నా వీపు తడుతుంటే కత్తి అడిగి తీసుకుంది. చీరకొంగుతో నురగ తుడిచి, కంటికట్టు అలాగే ఉండగా, వీపు పొడవునా గోటితో మెల్లగా రాసింది. గోరు ఒకచోట ఆగింది.

"పదకొండో ఆకు వంకర పోయిండాది."