బోర్లా పడుకున్న గంటలు

సూరత్‌లో వడోద్ వైపు ఉండే ఆగయ్య ముప్పై ఏళ్లు బట్టల కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. కరోనాతో కార్ఖానా మూతబడ్డాక, మా ఆస్పత్రి ఐసీయూలో సహాయకుడిగా చేరాడు. 2021 వేసవిలో నేనక్కడ డాక్టరుగా ఉంటూ ఒక పరిశోధన చేస్తున్నాను. ఆక్సిజన్ మాస్కు మీదున్న రోగి రోజుకు ఎన్ని గంటలు బోర్లా పడుకుంటే వెంటిలేటర్ దాకా పోకుండా ఉంటాడన్నది తేల్చాలి. మంచాల దగ్గర ఉండి ఆ గంటలు రాసేవాడు ఆగయ్యే. చదివింది ఏడో తరగతి. అక్షరాలు మాత్రం ముత్యాలు.

మే నెలలో, కార్ఖానాలో అతని పక్క సాంచాలు నడిపిన సోమలింగం కరోనా సోకి మా ఐసీయూకే వచ్చాడు. ఇద్దరిదీ తెలంగాణలో ఒకే ఊరు, ఇక్కడ ఒకే గది. బోర్లా పడుకోమంటే సోమలింగానికి ప్రాణం పోయినంత పనయ్యేది. అయినా మూడు రోజుల కాగితాల్లో రోజుకు ఎనిమిది గంటలని ఉంది. ఒంట్లో ఆక్సిజన్ చూస్తే తగ్గుతూనే ఉంది. ఈయనకు ఈ పద్ధతి పనిచేయలేదనుకుని, వెంటిలేటర్ పెట్టేందుకు గొంతులో గొట్టం వేయడానికి అన్నీ సిద్ధం చేయమన్నాను.

ఆగయ్య నాకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"మేడం, గా గంటలు అబద్ధం. దినాం రెండు గంటలు గూడ సక్కగ పండలే."

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "మరి ఎందుకలా రాశారు?"

అతను అరచేయి చెంపకు ఆనించి, వేలితో పక్కకు చూపాడు. సాంచాల మోతలో మాట వినబడదు. 'జర పండుకుంట, నా సాంచాలు చూడు' అనడానికి అదే సైగ. పక్కవాడు అవీ నడుపుతాడు. బట్ట మాత్రం పడుకున్నవాడి పేరు మీదే రాస్తారు.

"నా సాంచాలు ఆయన నడిపిండు, ఆయనయి నేను నడిపిన. గీడ గూడ గదే సైగ జేసిండు మేడం. కాదనబుద్ధి గాలే."

"బట్టంటే ఇంకొకరు నేస్తారు. ఊపిరి కూడా మీరే తీస్తారా?" అని అరిచాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు సిగ్గే.

గొట్టం వేయడం ఆపి, ఈసారి దగ్గరుండి బోర్లా పడుకోబెట్టి చూద్దామనుకున్నాం. ఆగయ్య సోమలింగాన్ని బోర్లా తిప్పి, తల దగ్గర కూర్చున్నాడు. కాసేపటికి సోమలింగం చేయి మళ్లీ చెంపకు చేరింది. ఆగయ్య తల అడ్డంగా ఊపాడు.

"గిది నీ సాంచా, సోమలింగం. నేను నడిపేది గాదు."

ఆ రోజు ఏడు గంటలు పడుకున్నాడు. ఆక్సిజన్ కొంచెం పెరిగింది, మాకు ఆశ పుట్టింది. మర్నాడు ఊపిరి మళ్లీ కష్టమై గొట్టం వేయక తప్పలేదు. ఆ మరుసటి రోజు మధ్యాహ్నం సోమలింగం పోయాడు. మొదటి రోజు నుంచీ నిజంగా పడుకుని ఉంటే బతికేవాడా? ఆగయ్య అడగలేదు. అడిగితే చెప్పడానికి నాకూ తెలియదు.

దహనం చేసి వచ్చిన మర్నాడే డ్యూటీకి వచ్చి, సోమలింగం కాగితాలు అడిగాడు. ఎనిమిదులు కొట్టేసి, రెండు, ఒకటిన్నర, రెండు అని రాసి, ప్రతి దిద్దుబాటు పక్కనా సంతకం పెట్టాడు. ముత్యాల అక్షరాలు వంకరపోయాయి. నాలుగో రోజు గడి దగ్గర మాత్రం కలం ఆపేశాడు.

"గీ ఏడు గంటలు ఆయనే పండిండు మేడం" అన్నాడు.