గిటారు తిరిగిన పక్క

ఎనభైలలో మా ఆళ్లగడ్డ చర్చిలో గిటారు వాయించడానికి ప్రతి ఆదివారం నంద్యాల నుంచి ఒకాయన బస్సులో వచ్చేవాడు. మిగతా రోజుల్లో బావి మోటార్లకు తీగ చుట్టేవాడు.

ఆయన కరెంటు గిటారు తీగల కింద మోతను పట్టే రెండు కాయిళ్లు, సన్నతీగ చుట్టలు, జంటగా ఉండేవి. రెండూ పనిచేస్తే జలుబు చేసిన గొంతులా మందంగా పలికేది. అందుకని తానే బిగించుకున్న చిన్న స్విచ్చితో ఒక కాయిల్‌ను ఆపేసేవాడు. అప్పుడు తీగ గంటలా మోగేది. కానీ వెంటనే ట్యూబులైట్ల రొద గుయ్యిమంటూ అందులో దూరేది. దాన్ని వదిలించుకోవడానికి, ట్రాన్సిస్టరులో స్టేషను వెతికేవాడిలా, నిలబడ్డ చోటే మెల్లగా తిరిగేవాడు. రొద పోయిన చోట ఆగేవాడు. అది ప్రతిసారీ మా ఆడవాళ్ల పక్కే.

పాటల వరుసలో కూర్చునే పెళ్లికాని పిల్లలం ఓణీలు ఇస్త్రీ చేయించుకుని రావడం మొదలుపెట్టాం. ఎవరి కోసం తిరుగుతున్నాడో ఒకరినొకరం అడగలేదు.

సంఘపెద్దకు ఒళ్లు మండింది. "మొగోళ్ల పక్కకు తిరుగప్పా. లేదంటే వచ్చేవారం బస్సెక్కొద్దు."

"ఆ పక్క గుయ్యంటాది పెద్దాయనా."

పెద్దాయన ఊరుకోలేదు. మరుసటి ఆదివారం పాట మధ్యలో లేచి, ఆయన భుజాలు పట్టి మగవాళ్ల పక్కకు తిప్పేశాడు. రొద రాలేదు. తీగ గంటలాగే మోగింది. ఆయన మాత్రం తెల్లబోయి ఒక చరణం వాయించకుండా మింగేశాడు.

ఆరాధన అయ్యాక పెద్దాయన పట్టుకున్నాడు. "ఏమప్పా, ఈ పక్క గూడా గుయ్యనల్యాదే?"

ఆయన గిటారును సంచిలో పెట్టుకుంటూ అన్నాడు. "ల్యాదు పెద్దాయనా. పాట గూడా ల్యాదు."

మా వరుస మొత్తం ఒకేసారి తల దించుకుంది.