ఓ పాజిటివ్ ధైర్యం

1993. ఫిల్మ్ నగర్‌లో ఒక చిన్న ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. పక్కనే డబ్బింగ్ థియేటర్. మా దగ్గరికొచ్చే రక్తంలో సగం సినిమావాళ్లదే. రంగు మాత్రం అందరిలాంటిదే.

సుగుణగారు ఆ థియేటర్‌లో అమ్మ పాత్రలకు గొంతిచ్చేవారు. చావు సీనుంటే ఆవిడకే కబురు. "పొద్దుట్నుంచి చస్తూనే ఉన్నాను బాబూ, గొంతు పట్టేసింది" అంటూ వచ్చి, మా ఫిల్టర్ నీళ్లు తాగి వెళ్లేవారు. ఒకరోజు నీళ్లు అడగలేదు. కూర్చుని చెయ్యి చాపారు.

"నా గ్రూపేంటో చూడు."

బ్లడ్ గ్రూపింగ్ పెద్ద విద్యేం కాదు. గాజుపలక మీద రక్తపు చుక్కల్లో ఏ, బీ సీరమ్‌లు కలుపుతాం. ఎందులో కణాలు గుంపు కడితే గ్రూపు అది. రెండింటిలోనూ కట్టకపోతే ఓ. పాజిటివా నెగటివా అన్నదానికి ఇంకో చుక్క.

"ఓ పాజిటివ్ మేడం. ఊళ్ల చానామందిది గదే. గొప్పగా చెప్పుకునేదేం కాదు."

ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. "మా అక్కది ఏ. రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. ఏ వాళ్లకే ఎక్కువొస్తుందని వారపత్రికలో చదివాను. నాకూ ఇక్కడేదో గట్టిగా తగులుతోంది. ఓ కదా, ఇంక ఫరవాలేదు."

"జర ఆగండి. గట్లన్నోళ్లున్నరు, కాదన్నోళ్లున్నరు, డాక్టర్లకే తేలలే. ఓ వాళ్లకు రాదని మాత్రం ఎవ్వరూ అనలే. గ్రూపు సంగతి ఇడిసిపెట్టి బయాప్సీ చేయించుకోండి." అంటే అనుమానమున్న చోట చిన్న ముక్క తీసి పరీక్షించడం.

"కోస్తే లేనిది లేస్తుందంటారు కదయ్యా."

"గట్ల లేసేదుంటే మా ఓనర్ గోడ కోసి ఇంకో రూము లేపేటోడు మేడం."

"నువ్వు డైలాగులు రాసుకోవాల్సినవాడివి" అని నవ్వుతూనే వెళ్లిపోయారు. డబ్బింగ్‌లో టేకు ఓకే అయ్యాక మళ్లీ చెప్పరు. ఆవిడ లెక్కలో మా రిపోర్టు ఓకే అయిన టేకు.

తర్వాత కనిపించినప్పుడల్లా బయాప్సీ సంగతి అడిగాను. "ఓ పాజిటివ్ కదయ్యా" అనేవారు, పలుకుబడి ఉన్న చుట్టం పేరు చెప్పినట్టు.

ఏడాది తిరిగేసరికి థియేటర్ మేనేజర్ వచ్చాడు. బంజారా హిల్స్ ఆసుపత్రిలో ఆవిడకు క్యాన్సర్ ఆపరేషన్, రక్తం కావాలి. ఓ రక్తం దాదాపు అందరికీ పనికొస్తుంది, ఓ వాళ్లకు మాత్రం ఓ రక్తమే ఎక్కించాలి. థియేటర్ మొత్తం వచ్చి చేతులు చాపింది. చివరికి ఎక్కించింది సౌండ్ ఇంజనీరుదీ, విలన్‌కి గొంతిచ్చే ఆయనదీ.

చూడ్డానికి వెళ్తే నీరసంగా నవ్వారు. "గ్రూపేంటని అడగ్గానే ఠక్కున చెప్పానయ్యా. నీ పరీక్ష వృథా పోలేదు."



వానలు మొదలయ్యేసరికి పోయారు. పెద్ద డైలాగులేం లేవట. నీళ్లడిగారట, అంతే.

గ్రూపు చెప్పేది ఎవరి రక్తం ఎక్కించాలో. ఒంట్లో ఏముందో చెప్పదు. ఇప్పుడు ఎవరైనా ఊరికే గ్రూపు చూడమంటే, సూది తీయకముందే అడుగుతాను: "ఎందుకు మేడం?"