ఒకే కొలత ఇంజన్లు

దేశం దాటి వచ్చి స్థిరపడ్డ క్లెమెంటి పేటలో మా ఫ్లాట్. భోజనాల బల్ల దగ్గర మా అమ్మాయి నా చూపుడువేలికి దారం చుట్టి కొలుస్తోంది. ఈ ఊళ్లోనే వన్-నార్త్ అనే పేటలో తను పనిచేసేచోట కృత్రిమ వేళ్లు తయారుచేస్తారు. "అమ్మా, డోంట్ మూవ్ లా," అంది ఇక్కడి యాసలో. దారం బిగియగానే నాకు చిన్నప్పటి బొగ్గు వాసన తగిలినట్టయింది.

నాన్న మా ఊరి రేవు రైలు యార్డులో వ్యాగన్లను కలిపే కొక్కేలు తగిలించేవాడు. వాటిని అటూ ఇటూ తోసే ఆవిరి ఇంజన్లు ఆరు ఉండేవి, అన్నీ యుద్ధకాలంలో ఒకే కొలతతో చేసినవి. ఒకటి మూలపడితే దాని చక్రాలు ఇంకోదానికి సరిగ్గా సరిపోయేవి. ఒకేలాంటి నీలం చొక్కాలు వేసుకునే యార్డు మనుషులూ అంతేననుకున్నాను.

ఒకరోజు వ్యాగన్ల మధ్య నాన్న కుడిచేతి వేళ్లు రెండు నలిగి, తీసేయాల్సి వచ్చింది. కొక్కెం ఎత్తలేకపోతే ఉద్యోగం పోతుందని అమ్మ ఏడ్చింది. నాన్నతో పనిచేసే కరీం బాబాయి చూడటానికి వచ్చాడు. నేను నాన్న ఎడమచేతి వేళ్లు దారంతో కొలిచి, అదే దారం బాబాయి వేళ్లకు చుట్టాను.

"ఏటమ్మా, ఉంగరం చేయిస్తావేటి?"

"నీ వేళ్లు నాన్నకి పడతాయేమో అని. రెండు ఇస్తావా బాబాయ్?"

నాన్న గోడవైపు తిరిగాడు.

"కొలత సరిపోయిందా?" అన్నాడు బాబాయి.

"కొంచెం లావు."

"పర్లేదులే, సర్దుకుంటాయి."

రోజూ కట్టు చూసేదాన్ని. కొత్త వేళ్లు రాలేదు.

నాన్న రిటైరయ్యేదాకా ఆ యార్డులోనే ఉన్నాడు. పచ్చజెండా నాన్న ఊపేవాడని, ఆయన వంతు కొక్కేలు కూడా బాబాయే తగిలించేవాడని పెద్దయ్యాక అమ్మ చెప్పింది.

నా కొలత తప్పలేదు. బాబాయి వేళ్లు నాన్నకు సరిపోయాయి.