అండమాన్ వీరుడు, కృష్ణలో పుట్టి

మావారు నేవీ నుంచి వచ్చాక రాయచూరు దగ్గర థర్మల్ స్టేషన్‌లో, బాయిలర్ సెక్షన్‌లో చేరారు. డెబ్బై ఒకటి యుద్ధంలో నౌకాదళంతో అండమాన్ దాకా వెళ్ళొచ్చిన మనిషని కాలనీలో అందరికీ ఆయనంటే గౌరవం.

ఒక కార్తీకమాసంలో కాలనీవాళ్ళం వనభోజనాలకని కృష్ణలోని లంకకు బయలుదేరాం. దాటడానికి గుండ్రటి పుట్టి తప్ప వేరే దారి లేదు. పిల్లలతో ఎక్కడానికి నేను జంకుతుంటే పక్కింటి యాదమ్మ, "అన్న ఉండంగ ఏం భయం వదినా? యుద్ధంల ఓడల మీద తిరిగినాయన" అంది.

నడి ఏట్లో పుట్టి గిర్రున తిరగసాగింది. అందరూ మావారి వైపే చూశారు. ఇక ఊరుకుంటే బాగుండదనుకున్నారో ఏమో, ఆయన లేచి నిలబడి, "అందరూ కుడివైపుకు జరగండి" అని ఆజ్ఞాపించారు. గుండ్రంగా కూర్చున్నాం కదా, ఎవరి కుడి వాళ్ళకుంది. ఒకరి మీద ఒకరం పడ్డాం. పుట్టి ఒరిగి నీళ్ళు లోపలికొచ్చాయి. పులిహోర గిన్నె ఏట్లో కలిసింది. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు.

"సార్, మీరు జర కూసోండ్రి. ఈడ లోతు శానా ఉంది" అన్నాడు తెడ్డు వేసే మనిషి.

మావారు కూర్చుని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "కళ్ళు తిరుగుతున్నాయే. యుద్ధమంతా ఓడ అడుగున బాయిలర్ ముందే ఉన్నాను. నీళ్ళు చూసిందెప్పుడు?" అన్నారు చెవిలో.

ఎలాగో ఒడ్డు చేరాం. "అన్న లేకుంటె ఏమయితుండెనో" అంది యాదమ్మ. కాలనీలో ఆయన గౌరవం రెట్టింపయింది.

ఇప్పటికీ ఎవరైనా సముద్రం ఎలా ఉంటుందని అడిగితే, ఆయన నా వైపు చూడకుండా "మహా వేడిగా ఉంటుంది" అంటారు.