పసుపు యార్డులో అడగని మాట

మా బాలికల బడిలో లెక్కల టీచరు పోస్టు ఎప్పటినుంచో ఖాళీ. ఆలూర్ నుంచి బస్సులో వచ్చే ఒకమ్మాయి విద్యా వాలంటీరుగా పదో తరగతికి లెక్కలు చెప్పేది. పైనుంచి రావలసిన ఆమె జీతం దసరా తర్వాత రానేలేదు. పరీక్షలకు ఇంకా నెల రోజులుందనగా స్టాఫ్ రూములో నాతో అంది:

"బస్సు కిరాయికి కూడా మా అమ్మ బీడీల పైసలే అడుగుతున్న మేడం. సోమవారం నుంచి రాను."

నిరుడు చాలామంది పిల్లలు లెక్కల్లోనే తప్పారు. హెడ్మాస్టరు నన్ను పక్కకు పిలిచారు.

"మీ తాత పేరు చెప్తే యార్డుల ఇప్పటికీ లేచి నిలబడతరు మేడం. ధర్మం కుప్ప అడిగి చూడండి. అది అమ్మితే ఆ అమ్మాయి జీతం ఎల్లుతది."

వేలానికి ముందు ప్రతి బస్తా నుంచి గుప్పెడు పసుపు కొమ్ములు నమూనాకు తీస్తారు. అవి మళ్లీ బస్తాలోకి పోవు. రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణం ముందు కుప్పగా పెరుగుతాయి. అదే ధర్మం కుప్ప. ముందుగా వచ్చి నోరు తెరిచి అడిగినవాళ్ల మంచిపనికి ఆ కుప్ప ఇవ్వడం ఆనవాయితీ. మా తాత అడ్తి నడిపినప్పుడు అది మా గుమ్మం ముందే ఉండేది. మా ఇంట్లో దాన్ని అడిగినవాళ్లు లేరు.

ఇప్పుడా దుకాణం మా తాత దగ్గర పనిచేసిన గుమాస్తా కొడుకుది. నన్ను చూసి లేచి, తన కుర్చీని తువ్వాలుతో తుడిచాడు.

"కబురు పంపితే నేనే వస్తుంటి గదమ్మా. చెప్పండి, ఏం పని?"

పక్కన ముప్కాల్ నుంచి పసుపు తెచ్చిన రైతు ఒకాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"గీ అమ్మ ఎవరు సేటు?"

"గీ దుకాణం అసలు ఓనర్లు వీళ్లే."

రైతు నా పాత చెప్పుల వైపు చూశాడు. నా వెన్ను నిటారైంది.

"ఇంటికి రెండు కిలోల కొమ్ములు కావాలి," అన్నాను. అతను వద్దంటున్నా డబ్బు బల్ల మీద పెట్టి వచ్చేశాను. సేటు ఊళ్లో లేడని హెడ్మాస్టరుకు అబద్ధం చెప్పాను.

సోమవారం ఆ అమ్మాయి రాలేదు. బుధవారం దాకా పిల్లలు ఖాళీ బోర్డు ముందు కూర్చోవడం చూసి, ఈసారి అడిగి తీరాలని మళ్లీ వెళ్లాను. కుప్ప ఉన్నచోట నేల ఊడ్చి ఉంది.

"నిన్ననే ఒక ప్రైవేటు బడోళ్లు అడిగి తీసుకపోయిండ్రమ్మా, వార్షికోత్సవానికంట." అతను తల దించుకున్నాడు. "మొన్న మీరు బడి కోసమే వచ్చిండ్రనుకున్న. అడగకముందే ఇస్తే మీకు చిన్నతనమైతదని ఊకున్న."

మరునాటి నుంచి సాంఘిక శాస్త్రం చెప్పే నేనే గైడు పట్టుకుని లెక్కలు మొదలుపెట్టాను. గైడులో ఉన్నది ఉన్నట్టు బోర్డు మీదికి ఎక్కించాను. ముందు వరుసలో, బీడీ ఆకుల కత్తెర పట్టి వేళ్లు కాయలు కాసిన పిల్ల లేచింది.

"మేడం, గీ మూడో లైను ఎట్లొచ్చింది?"

నాకు తెలియదు.

"రాసుకో," అన్నాను.

ఆ పిల్ల కూర్చుని రాసుకుంది.