కులపతుల అంగీ గుడ్డ

ఎక్కడో బ్రిటన్‌లో ఉన్న విశ్వవిద్యాలయానికి కులపతులుగా ఎవరెవరు పనిచేశారో నాకెందుకు? కానీ తెలుసు. వరసగా చెప్పమన్నా చెబుతాను. చెప్పి చెప్పి విసిగిపోయాను కూడా.

ముంబై పక్కన భివండీ నాగావ్‌లో ఒక గుడ్డల కార్ఖానాలో నేను డిజైన్లు గీస్తాను. నేను గీసిన పువ్వు ప్రకారం అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ అట్టలు సాంచెకు, అంటే మరమగ్గానికి, ఎక్కిస్తే గుడ్డ మీద పువ్వు పడుతుంది. అట్టలతో నడిచే పాత సాంచాలు మా దగ్గర రెండే మిగిలాయి. రెండూ మా మేనమామ చేతి కింద నడిచేవే. ఆయన మీసం రాని వయసులో కరీంనగర్ పక్క నుంచి వచ్చి, ఇక్కడే ముసలివాడయ్యాడు. నాకు ఈ పని నేర్పించిందీ, సేఠ్ దగ్గర కుదిర్చిందీ ఆయనే.

ఆ రెండు సాంచాలనూ భంగార్‌కు, పాత ఇనుము కింద, అమ్మేస్తానని సేఠ్ ఏడాదిగా అంటున్నాడు. అవి పోతే మామకు వేరే పనెవరిస్తారు? ఈ వయసులో కొత్త యంత్రాల దగ్గరికి ఎవరూ రానివ్వరు. సరిగ్గా అప్పుడే కాశేలి గోదాముల దగ్గరుండే ఏజెంటు ఒక వింత పని తెచ్చాడు. ఆ విశ్వవిద్యాలయంలో కులపతి పట్టాల పండుగనాడు తొడుక్కునే నల్ల పువ్వుల అంగీ చీకిపోయిందట. అదే గుడ్డ మళ్ళీ నేసివ్వాలి. నాలుగు మీటర్ల గుడ్డ కోసం కొత్త యంత్రాలను ఎవరు సర్దుతారు? అందుకే మా దాకా వచ్చింది.

"ఇది పాసయితే అక్కడి మిగతా పెద్దోళ్ళ అంగీలు గుడ మనకే వస్తయి. సాంచాలుంటయి, మీ మామ ఉంటడు. కాకుంటే మల్ల నన్ననద్దు," అన్నాడు సేఠ్. ఆయనదీ మా వైపే.

పాత అంగీ ముక్క ఇవ్వడానికి వాళ్ళకు మనసొప్పలేదు. దాని బదులు ఆ కులపతుల చరిత్ర పుస్తకాన్ని ఫోన్‌కు పంపారు, ప్రతి ఒక్కరూ ఆ అంగీ తొడుక్కుని దిగిన ఫోటోలతో సహా. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. సాంచాల మోతలో తల పగిలిపోతుంటే ఒక్కో పేజీ చదివి, చాయ్ తాగేటప్పుడు మామకు చెప్పేవాణ్ణి. మొదటాయన జమీందారు, ఆ ఊరికి వచ్చిందే తక్కువ. తర్వాత ఆయన అల్లుడు. ఆ తర్వాత యుద్ధంలో కాలు పోయిన సేనాని, ఒక జడ్జి, సబ్బులు అమ్మి కోట్లు గడించినాయన. చివర్లో ఒకావిడ. ఆవిడ కోసం అంగీని కత్తిరించి పొట్టి చేశారు.

"గీళ్ళంత ఏం పని జేస్తరు?" అని అడిగాడు మామ.

"ఏం జెయ్యరు మామా. ఏడాదికి ఒకసారో రెండుసార్లో వచ్చి కుర్సీల కూసుంటరు, పోరగాండ్లకు పట్టాలిస్తరు. పనంత ఉపకులపతే జేస్తడు."

"వారీ! ఏం జెయ్యనందుకు గింత మంచి గుడ్డనా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. "మరి ముసలోళ్ళయితే తీసేయరా?"

"పనుంటే గదా తీసేసేది."

ఆ మాటకు మామ నవ్వలేదు. ఫోన్ తీసుకుని, ఫోటోను పెద్దది చేసి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూశాడు. "అల్లుడా, నాలుగో పువ్వు జూడు. తలకిందులున్నది. అట్టలు ఉల్టా కుట్టినట్టున్నరు."

నిజమే. మూడు పువ్వులు నిటారుగా ఉన్నాయి, నాలుగోది తలకిందులు. జమీందారు భుజం మీదా అంతే, ఆవిడ భుజం మీదా అంతే.

"గిన్నేండ్ల సంది అదే తప్పు తొడుక్కుంటున్నరు, ఒక్కనికన్న కండ్లు లేవు! నువ్వు సక్కగ గియ్యి. తప్పు కనబడ్డంక గుడ అట్లనే నేస్తే మనం నేతోళ్ళమెట్లయితం?"

నాకూ అదే సబబనిపించింది. మా నేతోళ్ళ ఇళ్ళలో తెలిసి తెలిసి తప్పు గుడ్డ మగ్గం మీంచి ఎవరూ దించరు. పువ్వును సరిచేసి గీశాను. మామ నేశాడు. అంత మంచి గుడ్డ మా కార్ఖానాలో నేను మళ్ళీ చూడలేదు.

గుడ్డ తిరిగొచ్చింది. మొట్టమొదట ఆ అంగీ గుడ్డ నేసినప్పుడు సాలెవాడు పొరపాటు చేశాడట. పెద్దరికం తలకెక్కకుండా ఉండాలని మొదటి కులపతి ఆ తప్పును అలాగే ఉంచమన్నాడట. పదవి తీసుకునే ప్రతి ఒక్కరూ ముందు ఆ పువ్వును ముట్టుకుంటారట. ఇదంతా పుస్తకం ఆఖరి పేజీలోనే ఉంది. నేను చదవలేదు. ఆ రోజుకు ఓపిక అయిపోయింది, పక్కన పెట్టేశాను. ఒక్క పేజీ! నా మీద నాకే అసహ్యమేసింది.

సాంచాలను విప్పి టెంపోకు ఎక్కించిన రోజు సాయంత్రం గైబీ నగర్‌లో మామ గదికి వెళ్ళాను. "తప్పు నాది మామా. ఆఖరి పేజీ సదవలే. రేపు సేఠ్‌కు జెప్త," అన్నాను.

"ఏం జెప్పకు," అన్నాడు మామ. "అల్లుడు ఫోటోల ఉన్నట్టే గీసిండు, సాంచె మీద నేనే మార్చిన అని మొన్ననే జెప్పిన. నన్నెట్లైనా తీసేస్తడు. నిన్ను గుడ తీసేస్తే ఇంట్ల పొయ్యెట్ల ఎలుగుతది?"

అట్టల్లో ఉన్న పువ్వును నేసేవాడు మార్చలేడు. ఆ సంగతి సేఠ్‌కు తెలుసు. అయినా నమ్మినట్టే తల ఊపాడట.

మరునాడు సేఠ్ నన్ను చూసి, "ముసలాయన ఎంత పని జేసిండు జూడు," అన్నాడు. నేను అవునన్నాను.